నడుం దాటిన నీళ్ళు

“ఇంకా లోతుకి రా మావా. మోకాలి లోతులో ఈతేం నేర్పుతావు?” అంది మరిడమ్మ.

బుల్లియ్య మాటిమాటికీ గట్టుకేసి చూస్తున్నాడు.

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. మరిడమ్మ మోకాళ్ళ వాపు తగ్గాలంటే రోజూ ఈదమని వైద్యుడు చెప్పి పది రోజులైంది. కొవ్వూరు రేవులో పడవ నడిపే మొగుడుండగా ఈత నేర్పేవాళ్ళకి కరువేంటని మరిడమ్మ సంబరపడింది. బుల్లియ్యేమో రోజుకో వంక చెప్పి తప్పించుకున్నాడు. ఇవాళ పట్టుబట్టి లాక్కొచ్చింది.

“నలభై ఏళ్ళొచ్చాక ఈతేంటే? పద ఇంటికి,” అని విసుక్కున్నాడు.

ఆమె చెయ్యి పట్టి ముందుకు లాగింది. నీళ్ళు నడుం దాటగానే బుల్లియ్య ఆమె భుజం గట్టిగా పట్టేసుకున్నాడు.

“నీకు ఈత రాదా మావా?”

“చిన్నప్పుడు మా అన్న నా కళ్ళముందే మునిగిపోయాడు. అప్పట్నించీ లోతుకి దిగలేదు. పడవోణ్ణి కదా, నీకు ఈతొచ్చా అని ఎవరూ అడగలేదే.”

పడవలో ఎవరైనా లేచి నిలబడితే చాలు, ఇరవై ఏళ్ళుగా అతను ఒంటికాలి మీద లేచేవాడు. అది పొగరనుకుని ఆమె ఎన్నోసార్లు దెబ్బలాడింది.

“రేపు మా తమ్ముణ్ణి నేర్పమంటాను,” అంది మెల్లగా. “నేను జారిపోకుండా పట్టుకోవాలని చెప్పి నువ్వూ దిగు. వాడు నాకు చెప్పేదంతా విను.”

బుల్లియ్య ఆమె భుజం వదలకుండానే గట్టుకేసి ఒక అడుగు వేశాడు.

“మరీ లోతుకి తీసుకెళ్ళొద్దని చెప్పు.”

“నాకు భయమని చెబుతాలే,” అంది మరిడమ్మ.