చెయ్యి ఆనించకుండా

మాటల్లేని పాత హాస్య సినిమాలు గోడ మీద వేసి, ఎక్కడెక్కడో ఉన్న నాటకం పిల్లలకు పడటం నేర్పుతాను. వాటిలో పడేముందు నటుడి చెయ్యి నేలకు ఆనుతుంది. అక్కడ బొమ్మ ఆపి చూపిస్తాను. ముందు చెయ్యి, తర్వాత తుంటి. తల తగలకూడదు. నాకు వచ్చిన చదువంతా అదే.

ఇప్పుడు తెర మీద ఆడేవన్నీ యంత్రం గీసిన మనుషులే. వాళ్లకు పడటం మాత్రం రాదు. అందుకే పిల్లలు తమ ఇళ్లలో కెమెరా ముందు పడితే, నచ్చినదాన్ని యంత్రం తీసుకుని ఆ మనుషులకు పెడుతుంది.

బాపట్లలో తన ఇంట్లో హిమజ చక్కగా పడటం నా గోడ మీద చూశాను. ఆమె గోడ మీద ఎర్రదీపం వెలిగింది.

"మళ్లీ వద్దంది మాస్టారూ. దెబ్బ తగలకపోతే జనం నవ్వట్లేదంట."

"తగిలిందో లేదో జనానికేం తెలుసు?"

"యంత్రానికి తెలుసుగా. ఇంకోసారి ఎర్రదీపం వస్తే నన్ను పనిలోంచి తీసేస్తారు. చెయ్యి ఆనించకుండా ఎట్టా పడాలో చెప్పండి."

"అది పాఠం కాదమ్మా. తుంటి విరుగుద్ది."

"మీరు చెప్పకపోతే నా అంతట నేనే పడతా. అప్పుడు తలే పగులుద్ది."

గోడ మీది సినిమా ఆపేశాను. తర్వాత చేతులు వెనక్కి కట్టుకోమన్నాను. తలైనా దక్కుతుందని, గడ్డం గుండెకు ఆనించమన్నాను.

పడేటప్పుడు శబ్దం ఆపేస్తాం. ఆమె నోరు తెరుచుకునే ఉంది గానీ అరుపు నాదాకా రాలేదు. పచ్చదీపం వెలిగింది. వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చి ఆమె పక్కన కూలబడింది.

తతిమ్మా పిల్లలు తమ తమ గదుల్లోంచి చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక్కొక్కరే లేచి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.