నల్లాకు తాళం

చెల్లె సత్తెమ్మా, నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మరిదికి దగ్గు ఎట్లుంది? మనవరాలికి జ్వరం దిగిందా? నాకు మీ ఫికరే.

ఇంత ఎండల్లో మా వాకిట్లో నీళ్లు ఊరితే, గంగమ్మ వెలిసిందని కోడలు పసుపు కుంకుమ పెట్టింది. నల్లా బిల్లు వేలల్లో వచ్చింది. "నల్లా ఇడిసిపెట్టి మర్చిపోతున్నవ్. నీ మతిమరుపుకు నా జీతం సాలదే అవ్వా!" అని కొడుకు నల్లాకు తాళం వేశాడు. కోడలు ఇచ్చే చెంబెడు నీళ్లతో ఒళ్లు తుడుచుకుంటున్నాను.

నిన్న తవ్విస్తే, గంగమ్మ అనుకున్న చోటనే భూమిలో పైపు పగిలి ఉంది.

"పాత పైపు. ఎవరేం జేస్తరు?" అన్నాడు కొడుకు.

పైపు మార్చారు. తాళం తియ్యలేదు.

ఎనిమిదో తారీఖు శుక్రవారం వస్తున్నాను. తొట్టి నిండా నీళ్లు తోడిపెట్టు. అన్నం తర్వాత తింటాను.