మూడో పట్టిక

రివ్యూ చేయమని కాన్ఫరెన్స్ వాళ్లు పంపిన పేపర్లలో ఒకటి తెరవగానే, అది తనదేనని శ్రీవిద్యకు తెలిసిపోయింది.

మొదటి పేజీలో బొమ్మ తను గీసిందే. ఆకుపచ్చ బాణాల రంగు కూడా మార్చలేదు. మూడో పట్టిక దగ్గర ఆగింది. అందులో అంకెలు ఆమెకు నోటికొచ్చు. ఒక్కటీ మారలేదు.

కోపం రావాలి. రాలేదు. పక్కన పెట్టిన ఉప్మా చల్లారిపోయింది. దాన్నే తినేసింది.

ఏఐ కాన్ఫరెన్సుల్లో ఇదొక పద్ధతి. పేపర్ ఎవరు రాశారో రివ్యూ చేసేవాళ్లకు చెప్పరు, ఎవరు రివ్యూ చేశారో రాసినవాళ్లకు చెప్పరు. తెలిసినవాళ్ల పేపర్ తెలిసినవాళ్ల చేతికి వెళ్లకుండా కంప్యూటరే చూసుకుంటుంది. కానీ పీహెచ్‌డీ వదిలేసి వచ్చిన రోజు శ్రీవిద్య కాన్ఫరెన్స్ సైట్‌లో ఉన్న తన ప్రొఫైల్‌లోంచి పాత యూనివర్సిటీ పేరు, గైడ్ పేరు తీసిపారేసింది. ఇక ఆ కంప్యూటర్‌కేం తెలుసు పాపం!

గైడ్ పద్మనాభం గారు. పీహెచ్‌డీ వదిలేసిందనడం మర్యాదకి. ఆయనే పంపించేశారు.

"నువ్వు చాలా స్లో అమ్మా. డెడ్‌లైన్ నీకోసం ఆగదు. మాస్టర్స్ డిగ్రీ తీసుకుని జాబ్ చూసుకో," అన్నారు, కాఫీ తాగుతూ.

మూడేళ్ల పని ల్యాబ్ ఫోల్డర్‌లోనే ఉండిపోయింది. ఈ దేశంలో ఉండాలంటే వీసా నిలవాలి కాబట్టి షామ్‌బర్గ్ అనే ఊళ్లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో దొరికిన ఉద్యోగంలో చేరింది. అప్పట్నుంచి ఆమెకు ఏదీ పెద్దగా అనిపించడం మానేసింది.

"ఏందే, అట్ల కూసున్నవ్?"

రూమ్మేట్ అనుష్క కారు మీద మంచు దులిపి అప్పుడే లోపలికి వచ్చింది. పీహెచ్‌డీ గోడంతా ఆమె విన్నదే. వంగి స్క్రీన్ చూసింది.

"ఇది నీ పేపరే కదనే! నీ పేరు పెట్టిన్రా?"

"ఇక్కడ పేర్లు కనిపించవు. పెట్టుంటే నాకు మెయిల్ వచ్చేది."

"దొంగ మొహం! ఇప్పుడు దొరికిండు నీ చేతిల. కంప్లైంట్ చెయ్యి. పాత డ్రాఫ్ట్‌లు లేవా నీ దగ్గర?"

"లేవు. నా ల్యాబ్ అకౌంట్ ఆ రోజే తీసేశారు."

"అయితే రిజెక్ట్ కొట్టు. నీ కష్టం ఆయనెట్ల తింటడో చూద్దాం."

శ్రీవిద్య కిటికీలోంచి పార్కింగ్ లాట్ వైపు చూసింది. కార్లన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. సగం నంబర్ ప్లేట్లు మంచు కింద కనిపించడం లేదు. కాసేపు వాటినే చూసి, టైప్ చేయడం మొదలుపెట్టింది.

మార్కులు: పదికి పది. ఈ విషయం మీకు ఎంత బాగా తెలుసు అన్న ప్రశ్నకు: పూర్తిగా తెలుసు. కింద అభిప్రాయం రాసింది. "ఈ పేపర్‌కు ప్రాణం మూడో పట్టిక. ఇలాంటి ఫలితాలు ఇంతవరకు ఎవరికీ రాలేదు. దీన్ని పెద్ద వేదిక మీద చెప్పించాలి. ప్రతి ల్యాబూ ఈ ప్రయోగం చేసి చూడాలి."

భుజం మీంచి చదువుతున్న అనుష్క ఆగలేకపోయింది.

"దిమాగ్ ఖరాబైందా నీకు? నిన్ను గెంటేసినోనికి పదికి పదా? గింత మంచితనం పనికిరాదే!"

"ఈ పేపర్ సెలెక్ట్ అవ్వాలి అనూ," అంది శ్రీవిద్య. సబ్మిట్ నొక్కి, లేచి వెళ్లి ప్లేటు కడుక్కుంది.

సెలెక్ట్ అయింది. మంచు కరిగి ఎండలు ముదిరాక పద్మనాభం గారు పెద్ద వేదికే ఎక్కారు. లింక్డ్‌ఇన్‌లో ఫొటో పెట్టారు. కొత్త సూటు, నిండు నవ్వు, వెనక తెర మీద గోడంత మూడో పట్టిక. "ఇందులో ప్రతి అంకె వెనకా నా కష్టం ఉంది," అని కింద రాసుకున్నారు. అప్పటికే నాలుగు దేశాల వాళ్లు ఆ ప్రయోగం తామూ చేసి చూస్తామని కామెంట్లు పెట్టారు.

అనుష్క ఫోన్ సోఫా మీదికి విసిరికొట్టింది.

"ఏడుపొస్తలేదానే నీకు?"

"రావట్లేదు."

శ్రీవిద్య ఆ ఫోన్ తీసుకుని ఫొటో పెద్దది చేసి, అంకెలన్నీ మెల్లగా చదువుకుంది. అన్నీ అలాగే ఉన్నాయి.

ప్రయోగం మొదలుపెట్టేదాకా ఖాళీ గడులు బోసిగా ఉంటాయని, ల్యాబ్ కిటికీలోంచి కనిపించే కార్ల నంబర్ ప్లేట్లు చూసి ఆమె ఊరికే నింపి పెట్టుకున్న అంకెలవి.