పాలు పొంగాకే

కోఠిలో మేడ కడుతున్న జాగా రెండొందల గజాలే. క్రేను నిలిపే చోటు లేక, యంత్రాలు వారానికో అంతస్తు అడుగున కట్టి పై మేడనంతా ఎత్తేవి. పైన కాపురముంటున్న అనసమ్మకు ఎత్తిన ప్రతిసారీ అది కొత్తిల్లే. పాలు పొంగేదాకా కింద పని ముట్టనిచ్చేది కాదు.

ముప్ఫయ్యో వారం ఆమె జనగామలో పెళ్లికి పోయింది. ఇంజనీరు ఫోన్ చేశాడు.

"అమ్మా, యంత్రం కదుల్తలేదు. పాలు పొంగినయా అని అడుగుతాంది."

అనసమ్మ మురిసిపోయింది. "దానికున్న తెలివి నీకు లేకపాయె. తాళంచెవి పక్కింట్ల ఉంది, పోయి పొంగియ్యి."

పావుగంటకు మళ్లీ ఫోన్. "పొంగినయ్. గని యంత్రాలన్నీ ఒకదానికొకటి చెప్పుకున్నయంట. ఊర్ల ఏ మేడ కాడ చూసినా పని బంద్. ఇంజనీర్లంత నీ నంబరు అడుగుతున్రు."

"తూర్పుకు పొంగాలని చెప్పు బిడ్డా," అని అనసమ్మ తీరిగ్గా భోజనాల బంతిలో కూర్చుంది.