మచ్చ పడని కత్తి

"మచ్చ పడుతదా సార్?"

ఆ ప్రశ్న వినగానే ప్రహ్లాద్ చేతుల్లోని రెండు కత్తులూ ఎక్కడివక్కడే ఆగిపోయాయి. నారాయణగూడలో టెంట్లు, ట్రెక్కింగ్ బూట్లు, క్యాంపు కత్తులు అమ్మే దుకాణం అతనిది. కత్తి కొనేవాళ్లు పదును అడుగుతారు, బరువు అడుగుతారు, ధర దగ్గర ప్రాణం తీస్తారు. మచ్చ గురించి అడిగినవాడు మాత్రం ఇంతవరకు లేడు.

"దేని మచ్చ?"

ఎదురుగా ఉన్న కుర్రాడు తడబడ్డాడు. పేరు క్రాంతికుమార్ అట. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాడట. "అంటే... ఏదన్న తడి తగిలితే."

తడి! అంటే నెత్తురేనా? అసలే బంద్‌లూ లాఠీఛార్జీలూ నడుస్తున్న రోజులు. రేపు ఏదైనా జరిగితే పోలీసులు ముందుగా అడిగేది కత్తి ఎక్కడ కొన్నావనే. ఇన్నేళ్లుగా నలుగురిలో మంచిపేరుతో నడుపుకొస్తున్న షాపుకు తాళం పడుతుంది. పోనీ, లేదు పొమ్మందామా అంటే ఇంకో దుకాణంలో కొంటాడు. కాసేపు మాటల్లో పెడితే గుట్టు బయటపడకపోతుందా?

"చూడు తమ్మీ," అన్నాడు. "రెండూ మడత లేనివే, చూస్తే కవలలోలె ఉంటయి. గని ఇది కార్బన్ స్టీలు. పదును మస్తు నిలుస్తది, కట్టెలు చీల్చినా ఏం కాదు. తడి తగిలితే తుప్పు, పులుపు తగిలితే నలుపు. కత్తులు జమచేసే షౌకీన్లు ఆ నలుపే అందమంటరు. ఇదేమో స్టెయిన్‌లెస్. పదును జర తక్కువ, మచ్చ మాత్రం పడది."

"పదునుతోని పనిలేదు సార్. మచ్చ పడొద్దు. మొన మంచిగుండాలె." కుర్రాడు మొనను వేలితో ఒత్తి చూసుకున్నాడు.

పదునుతో పనిలేనివాడికి కత్తెందుకు? ప్రహ్లాద్ ఆరా తీయడం మొదలుపెట్టాడు. "ఎక్కడికి క్యాంపు?"

"అనంతగిరి."

"ఎంతమంది?"

"ఇద్దరం."

"టెంటు తీస్కపోవా? టార్చి?"

"ఒద్దు సార్. కత్తొక్కటే."

"మరి ఒర?"

"ఒరెందుకు సార్? చేతిలనే పట్టుకుంట గదా."

డిగ్రీ అయిపోయి షాపులో సాయంగా ఉంటున్న కూతురు రాగిణి కౌంటర్ వెనక నుంచి కల్పించుకుంది. "ఆ స్టెయిన్‌లెస్‌ది ఇచ్చెయ్ నాన్నా. పిడి సన్నగున్నది, చేతిల మంచిగ కూసుంటది."

ప్రహ్లాద్ ఆమె వైపు ఉరిమి చూశాడు. అంతలోనే అతనికి ఒక ఉపాయం తట్టింది. తుడిచి తెస్తానని వెనక గదిలోకి వెళ్లి, కత్తి అంచును రాయి మీద అడ్డంగా అరగదీశాడు. ఇక దాంతో టమాటా కూడా తెగదు. తన తెలివికి తనే మురిసిపోయాడు. మొన సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

రాగిణి దాన్ని పొట్లం కట్టి ఇవ్వబోతే కుర్రాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"సార్ చేతులతోనే ఇయ్యండి."

అమ్మ దొంగా! వేలిముద్రలు నావి కావాలా? ప్రహ్లాద్ జేబురుమాలు అడ్డం పెట్టి మరీ పొట్లం అందించాడు. కుర్రాడు దాన్ని రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

"చూసినవా బిడ్డా? మొక్కుకొని మరీ పోతున్నడు! ఇయ్యాల వీడు ఎవరి కొంపనో ముంచుతడు."

"నాకు గూడ గట్లనే అనిపిస్తున్నది నాన్నా." రాగిణి కౌంటర్ దాటి ముందుకొచ్చింది. "నువ్వు షాపు ఇడిసిపెట్టి రాకు. స్టేషన్‌కు నేను పోత." అప్పటికే స్కూటీ తాళంచెవి ఆమె చేతిలో ఉంది.

ఆడపిల్లకు ఎంత ధైర్యం! ప్రహ్లాద్‌కు కళ్లు చెమర్చాయి. "జల్ది పో తల్లీ. అన్ని వివరంగ చెప్పు."

మధ్యాహ్నం దాటింది. రాగిణి రాలేదు. ఫోను ఎత్తలేదు. కబురు చెప్పడానికి పోయిన పిల్లనే వాడు దారి కాచి ఏమైనా చేశాడేమో! పంపినందుకు తనను తాను తిట్టుకుంటూ, అన్నం ముట్టకుండా, గుమ్మంలోకీ లోపలికీ తిరిగాడు ప్రహ్లాద్. దీపాలు పెట్టే వేళకు స్టేషన్ నుంచి ఫోను వచ్చింది.

"మీ అమ్మాయి ఇక్కడే ఉంది. కత్తి కూడా ఇక్కడే ఉంది. మీరొకసారి రండి."

ఆటో దిగి పరుగున వెళ్లేసరికి ఎస్సై గడప దగ్గరే అడ్డంగా నిలబడి ఉన్నాడు. "కత్తి మీ షాపుదేనా?"

"నాదే సార్. గని వాని మీద నాకు మొదటి నుంచి అనుమానమే. అందుకే దాన్ని మొద్దు చేసిచ్చిన. మీకు చెప్పమని నా బిడ్డను పంపింది గూడ నేనే. ప్రాణాలకు భయమున్నదని చెప్పింది గదా?"

"చెప్పింది. కాగితం మీద రాసి కూడా ఇచ్చింది."

"నా బిడ్డ ఎట్లున్నది సార్? భయం ఎవరితోనట?"

"మీతోనే."

ఎస్సై పక్కకు జరిగాడు. లోపల బల్ల మీద మెడలో పూలదండతో, పసుపుతాడుతో రాగిణి తల వంచుకుని కూర్చుంది. పక్కనే బాసికం కట్టుకుని ఉన్న క్రాంతికుమార్ లేచి నిలబడ్డాడు. అతని చేతిలో కత్తి; దాని మొనకు, దిష్టి తగలకుండా పెళ్లికొడుకులు గుచ్చి పట్టుకునే నిమ్మకాయ.

"మీరు చెప్పిందే నిజం మామా," అన్నాడు అతను భయంభయంగా, "మధ్యాహ్నం సంది గుచ్చి పెట్టినా జర్రంత మచ్చ పడలే."