ఆల్బంలోకి వచ్చిన పరాయివాడు

పరువుగల పెద్దమనుషులారా, ఆ తల్లి గొంతు నొక్కింది మీరే. నేరం పక్షవాతం మీదికి తోసెయ్యకండి.

పక్షవాతం వచ్చాక ఆమెకు మాట పడిపోయిన సంగతి నిజమే. పిలిస్తే చూసేది, అంతే.

"పాత ఫొటోలు చూపించండి. మాట రావచ్చు" అన్నాడు డాక్టర్.

కూతురు బీరువా అడుగునున్న అట్టపెట్టె బయటికి లాగింది. ఫొటోలన్నీ స్కాన్ చేసింది. పెళ్లివి ఒకచోట, పిల్లలవి ఒకచోట, తల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసిన రోజులవి ఇంకోచోట సర్ది, ఫోన్లో ఆల్బం చేసింది.

పెళ్లి ఫొటోలకు తల్లి ముఖంలో చలనం లేదు.

ఎక్స్ఛేంజీ మెట్ల మీద తీసిన ఫొటో వచ్చింది. అమ్మ పడుచుపిల్ల. పక్కన ఎవరో కుర్రాడు. ఇద్దరూ దేనికో పగలబడి నవ్వుతున్నారు.

తల్లి నోరు తెరిచింది. వంకరపోయిన మూతితోనే ఆగకుండా మాట్లాడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"అన్నయ్యా, అమ్మకి మాటొచ్చింది!"

"మాటా అది? వాగుడు" అన్నాడు కొడుకు.

పక్కనే కూర్చున్న మేనమామ ముఖం మాడిపోయింది. అది వాగుడు కాదని ఆయనకు తెలుసు. అయినా నోరు విప్పలేదు.

కూతురు ఆ ఫొటో కింద "పక్కనున్నది ఎవరో తెలిస్తే చెప్పండి" అని రాసి, బంధువులకూ అమ్మతో పనిచేసినవాళ్లకూ ఆల్బం లింకు పంపింది. రోజూ తల్లి మాట్లాడుతుంటే వీడియో తీసి అందులోనే పెట్టేది.

కొన్నాళ్లకు ఆల్బంలోకి ఎవరో కొత్త మనిషి వచ్చాడు. వీడియో కింద తెలియని లిపిలో ఒక వాక్యం రాశాడు. ఆపైన ప్రతి వీడియో కిందా రాశాడు.

"ఎవడీ పీడ?" అన్నాడు కొడుకు.

మేనమామ ఇక దాచలేకపోయాడు.

"వాడేరా. ఆ ఫొటోలోవాడు. ఎక్స్ఛేంజీలో మీ అమ్మ పక్క సీటు. మన భాష కాదు, మన జనం కాదు. వాడికోసం వాడి భాష నేర్చుకుంది మహాతల్లి. నేనూ మీ తాతా వెళ్లి ఈడ్చుకొచ్చి పెళ్లి చేశాం."

"అయితే అమ్మ మాట్లాడేది..."

"అదే భాష. మనది పోయి అదొక్కటే తిరిగొచ్చినట్టుంది."

"తెలిసీ చెప్పలేదా మామయ్యా?" అంది కూతురు.

"ఏమని చెప్పమంటావే? మీ అమ్మ ఇంకా వాణ్ణే తలుచుకుంటోందనా?"

"సర్లే, ఏం రాశాడో చూద్దాం. అనువాదం బటన్ ఇక్కడే ఉంది."

కొడుకు ఫోన్ లాక్కున్నాడు.

"సిగ్గులేదూ? అమ్మకొచ్చిన ప్రేమలేఖలు చదువుతావా? కాటికి కాళ్లు చాపుకుని సరసాలట!"

"చదివితే పోయేదేముంది?"

"పరువు."

మళ్లీ వస్తే పోలీసులకు చూపిద్దామని ఆ వాక్యాలన్నీ స్క్రీన్‌షాట్లు తీసుకున్నాడు. ఆయన్ని బ్లాక్ చేశాడు. మెట్ల మీది ఫొటో తీసిపారేశాడు.

కూతురు కాదనలేదు. అదీ రాసుకోండి.

తల్లి మాత్రం మాట్లాడుతూనే ఉంది. అదే మాట మళ్లీ మళ్లీ. వినీ వినీ అందరికీ విసుగొచ్చింది. ఆమె తిండి మానేసింది. మొండితనం అన్నారు.

ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి చెయ్యి దాటిపోయింది.

"పేగు కుళ్లింది. ఎప్పట్నుంచో నొప్పి ఉండాలే! ఆవిడ చెప్పలేదా?" అడిగాడు డాక్టర్.

"అమ్మకి మాట రాదండీ" అన్నాడు కొడుకు.

ఆమె పోయాక, బంధువులకు పంపడానికి కూతురు మళ్లీ ఫొటోలు సర్దుతోంది. అన్న ఫోన్లోవి ఏరుతుంటే ఆ స్క్రీన్‌షాట్లు కనిపించాయి. ఈసారి అనువాదం బటన్ నొక్కింది.

"ఆమె నీళ్లడుగుతోంది. కాఫీ వద్దంటోంది."

"చలేస్తోందట. దుప్పటి కప్పండి."

"పొట్టలో కుడివైపు నొప్పి అంటోంది. నిన్నా అదే అంది. డాక్టరుకు చూపించండి."

"నేనెవరో మీకు తెలిసే ఉంటుంది. నన్ను తర్వాత తిట్టుకోండి. నొప్పి భరించలేకపోతోంది. ముందు తీసుకెళ్లండి."

ఎంత వెతికినా ప్రేమ అన్న మాట లేదు. ఇంట్లో కన్నబిడ్డలూ తోడబుట్టినవాడూ ఉండగా, ఆమె చెప్పింది విన్నవాడు ఆ పరాయివాడొక్కడే.

ఆమె పోయినట్టు ఆయనకింకా తెలియదు.

ఇప్పుడేం చెయ్యాలో అడుగుతారేమో, చెప్తాను. ఆయన్ని ఆల్బంలోకి రానివ్వండి. ఆమె చనిపోయిందని మీ నోటితో మీరే చెప్పండి. ఆఖరి రోజు తీసిన వీడియో మీ దగ్గరుంది. ఆ వంకర మాటలు ఏ యంత్రానికీ అందవు, ఆయనకు అందుతాయి. అది పంపించి, ఏమందో అడగండి. ఒకవేళ అది ప్రేమ మాటే అయినా, అందరూ కూర్చుని, తల దించుకుని, పూర్తిగా వినండి.