షూటౌట్ చీటీ

"సెమీఫైనల్లో చేజేతులా ఓడాం. పెద్ద కోచ్‌ని తీసేద్దామా? మీరేమంటారు?" అన్నాడు హాకీ క్లబ్ ప్రెసిడెంట్, ఎదురుగా కూర్చున్న అసిస్టెంట్ కోచ్‌తో.

పదకొండేళ్లుగా 'చిన్న కోచ్'గానే మిగిలిపోయిన అతనికి నెత్తిన పాలు పోసినట్టయింది. కప్పు గెలిచినప్పుడల్లా ఫొటోలో ఆ పెద్దమనిషి, బంతులు ఏరుకునేది తను!

"తీసేయాల్సిందేనండీ. స్కోరు సమమై షూటౌట్‌కి వెళ్తే, అంత భయస్తుడైన కుర్రాణ్ణి ఎవరైనా ఆఖరి షాట్‌కి పంపుతారా?"

"ఆయనా అదే అన్నారు. 'చిన్న కోచ్ వద్దని మొత్తుకున్నా వినకుండా వరుస నేనే వేశాను. నా కుర్చీ అతనికివ్వండి' అన్నారు. ఇదిగో, ఆ రోజు రాసిన చీటీ కూడా ఇచ్చి వెళ్లారు."

అతను చీటీ విప్పి చూశాడు. అయిదు పేర్లూ అదే వరుసలో ఉన్నాయి. కానీ ఆ రోజు "నీ ఇష్టం, నువ్వే వెయ్యి" అని పెద్ద కోచ్ పెన్నిస్తే, రాసింది తను. ఇప్పుడు దాన్ని పెద్ద కోచ్ సొంత చేతిరాతతో తిరగరాసి ఇచ్చాడు.

"అయితే ఆయన్ని తీసేసే కాగితం మీద సంతకం పెట్టెయ్యనా?" ప్రెసిడెంట్ పెన్ను తీశాడు.

మెచ్చుకోవాల్సింది పోయి అతనికి కడుపు మండింది. గెలుపులన్నీ ఆయనవే. చివరికి ఈ మంచితనం కూడా ఆయనదేనా?

"ఆగండి," అన్నాడు. "ఆ వరుస వేసింది నేను."